గ్రీన్ కార్డ్ క్యూ తెలుసు, మరి ఈ క్యూ తెలుసా?

ఈ రోజు ఫోన్ రివ్యూ లేదు, జీతాల టాపిక్ లేదు. ఒక క్యూ గురించి మాట్లాడుకుందాం.

గ్రీన్ కార్డ్ క్యూ గురించి మనవాళ్లని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ప్రయారిటీ డేట్, వీసా బులెటిన్, అన్నీ నోటికి వచ్చు. అదే అమెరికాలో, మన తెలుగువాళ్ల ఇళ్లలోనే ఇంకో క్యూ నడుస్తోంది. దాని గురించి ఏ వాట్సాప్ గ్రూపులోనూ మాట్లాడరు.

మా పెద్దమ్మ కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. వాళ్ల బాబుకి ఇప్పుడు 12 ఏళ్లు. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. ఇప్పటికీ వాడికి పది పదిహేను మాటలే వచ్చు. స్నానం చేయించాలి, రాత్రి లేస్తే ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. అక్క ఉద్యోగం మానేసి మూడేళ్లయింది.

మొన్న వీడియో కాల్‌లో అంది: "ఒరేయ్, వీడి పేరు ఏడో ఏట రాయించాను. మూడో ఏటే రాయించి ఉంటే నాలుగేళ్లు ముందుండేవాళ్లం." ఎక్కడ రాయించడం అని అడిగా. అప్పుడు తెలిసింది నాకు ఈ క్యూ సంగతి.

కొంచెం వెనక్కి వెళ్దాం. అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అని ఒక పాప. పసితనంలోనే మెదడుకి ఇన్ఫెక్షన్ వచ్చి, వెంటిలేటర్ మీద ఆస్పత్రిలోనే పెరిగింది. ఇంటికి తీసుకెళ్తే ఖర్చు తక్కువే. కానీ మెడికెయిడ్, అంటే ప్రభుత్వ వైద్య పథకం, ఆస్పత్రిలో ఉంటేనే డబ్బు కడతానంది. 1981లో ప్రెసిడెంట్ రీగన్ ప్రెస్ మీట్‌లో ఈ పాప సంగతి ఎత్తారు. పాప ఇంటికొచ్చింది. ఆ ఏడాదే చట్టంలో ఒక మినహాయింపు పెట్టారు. దాన్నే వెయివర్ అంటారు. మనిషిని సంస్థలో పెట్టకుండా ఇంట్లో, ఊళ్లో ఉంచి సాయం చేయడానికి డబ్బు.

ఇక్కడే ఉంది మెలిక. అర్హత ఉన్నవాళ్లకి సంస్థలో చోటు హక్కు. ఇంట్లో సాయం మాత్రం హక్కు కాదు. ఎన్ని సీట్లు ఇవ్వాలో రాష్ట్రమే తేలుస్తుంది. సీట్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకే క్యూ. 2024 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఇలాంటి లిస్టుల్లో 7 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఒక్క టెక్సాస్‌లోనే లక్షకు పైగా. అక్కడ హెచ్‌సీఎస్ అనే ప్రోగ్రాం ఉంది. ఇంటికొచ్చి సాయం చేసే మనిషి, థెరపీ, అమ్మానాన్నలకి కాస్త ఊపిరి పీల్చుకునే టైమ్, పెద్దయ్యాక ఉండటానికి చోటు, ఇవన్నీ అందులో వస్తాయి. దానికోసం పదేళ్లు దాటి ఎదురుచూస్తున్న కుటుంబాలు ఉన్నాయి.

తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నా ఎప్పటికో గేటు తీస్తారని మనకి నమ్మకం. ఇక్కడ గేటు తీసేలోపు పిల్లాడు పెద్దవాడైపోతాడు. 22 ఏళ్లు వస్తే స్కూల్ కూడా ఉండదు. పొద్దున్నే ఇంటి ముందు ఆగే పసుపు బస్సు ఒక రోజు నుంచి రాదు. ఆ తర్వాత రోజంతా ఇల్లే. అక్క భయం అదే.

నేను కోడింగ్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తా. ఏ క్యూ అయినా ఎందుకు పెరుగుతుంది? లోపలికి వచ్చేవాళ్లకంటే బయటికి వెళ్లేవాళ్లు తక్కువైతే పెరుగుతుంది. అంతే. ఒకసారి కొన్ని సీట్లు ఇచ్చి చప్పట్లు కొట్టించుకుంటే సరిపోదు, ప్రతి ఏడాదీ కొత్తగా చేరేవాళ్లకంటే ఎక్కువ సీట్లు ఇవ్వాలి. సీటు ఒక్కటే చాలదు, పనిచేసే మనిషి కూడా కావాలి. టెక్సాస్‌లో ఇళ్లకొచ్చి సాయం చేసేవాళ్ల కనీస వేతనం 2023 వరకు గంటకి 8.11 డాలర్లు. ఆ ఏడాది 10.60కి పెంచారు. 8 డాలర్లకి బర్గర్ షాప్ వదిలి ఎవరొస్తారు చెప్పండి? సీటు వచ్చినా మనిషి దొరక్కపోతే ఆ సీటు కాగితం మీదే ఉంటుంది.

"అమెరికా అంత దేశమే చేయలేకపోతే ఇంకెవరు చేస్తారు" అని కామెంట్ పెట్టేలోపు ఇది వినండి. టెక్సాస్ పక్కనే ఓక్లహోమా. అక్కడ కూడా ఇలాంటి లైనే, 13 ఏళ్ల లైన్. 2022లో ఆ రాష్ట్ర చట్టసభ 32.5 మిలియన్ డాలర్లు కేటాయించి, అప్పటికి లిస్టులో ఉన్నవాళ్లందరికీ సర్వీసులు ఇవ్వాలని నిర్ణయించింది. సర్వీసులు ఇచ్చేవాళ్ల రేట్లు కూడా 25 శాతం పెంచింది. అంటే ఈ క్యూ ప్రకృతి వైపరీత్యం కాదు. బడ్జెట్‌లో ఒక లైన్. రాస్తే కదులుతుంది, రాయకపోతే కదలదు.

చట్టం కూడా మన వైపు కొంత ఉంది. జార్జియాలో లోయిస్ కర్టిస్, ఎలెయిన్ విల్సన్ అని ఇద్దరు మహిళలు. బయట ఉండగలరని డాక్టర్లు చెప్పినా వాళ్లని ఆస్పత్రిలోనే ఉంచారు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. కారణం లేకుండా అలా ఉంచడం వివక్షే అని 1999లో కోర్టు చెప్పింది. వెయిటింగ్ లిస్ట్ ఉంటే తప్పు కాదు గానీ అది తగిన వేగంతో కదలాలి అని కూడా ఆ తీర్పులో ఉంది. పదేళ్లు తగిన వేగమా? ఈ ఒక్క ప్రశ్న చాలు, ఏ ప్రజాప్రతినిధి ముందైనా నిలబడి అడగడానికి.

ఇప్పుడు మీ ఫోన్ తీసి చేయాల్సిన పని. టెక్సాస్‌లో మీ అక్కో అన్నో ఉంటే, వాళ్ల బిడ్డకి ఇలాంటి ఇబ్బంది ఉంటే, ఈ వీడియో పంపండి. మూడు మాటలు చెప్పండి. ఒకటి, ఈ రోజే పేరు రాయించమనండి. అర్హత సంగతి వంతు వచ్చాక చూస్తారు. హెచ్‌సీఎస్ లాంటి వెయివర్లలో పిల్లలకి అమ్మానాన్నల జీతం లెక్కలోకి రాదు. ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో లిస్ట్, కాబట్టి సరిపోయే అన్నిట్లోనూ రాయించాలి. రెండు, అడ్రస్, నంబర్ మారితే వెంటనే చెప్పాలి. వేరే రాష్ట్రానికి వెళ్తే ఈ సీనియారిటీ వెంట రాదు. ఆఫర్ లెటర్ చూసేముందు ఇది గుర్తుండాలి. మూడు, టెక్సాస్ చట్టసభ రెండేళ్లకోసారి, 140 రోజులే కూర్చుంటుంది. మళ్లీ 2027 జనవరిలో. ఎంత డబ్బు కావాలో శాఖలు ముందు ఏడాదే లెక్కలు రాస్తాయి. అప్పుడే మీ ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేయాలి. "నాకు ఓటు లేదు కదా, హెచ్‌వన్‌బీ మీద ఉన్నా" అంటారేమో. అక్కడ పుట్టిన మీ పిల్లాడు ఆ దేశ పౌరుడు. వాడి తరఫున మాట్లాడటానికి వీసా అడ్డు కాదు.

ఆఖరికి ఒక విషయం ఒప్పుకోవాలి. బాబుకి మూడేళ్లప్పుడు అక్క భయపడుతూ ఫోన్ చేస్తే, ఇంట్లో అందరం ఒకటే మాట అన్నాం: "మాటలు లేటుగా వస్తాయిలే, మన మామయ్యకి ఐదేళ్లకి రాలేదా?" అప్పుడు బీటెక్ కుర్రాణ్ణి, నేను కూడా అన్నాను. ప్రేమతోనే అన్నాం. కానీ ఆ మాట నమ్మి అక్క నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయించలేదు. లైన్ పొడుగు చేసింది ప్రభుత్వమే. అక్కని అందులో నాలుగేళ్లు వెనక్కి నెట్టింది మాత్రం మేమే.

మీ ఇంట్లో ఎవరైనా అలా భయపడుతూ ఫోన్ చేస్తే, "ఏం కాదులే" అనకండి. "పేరు రాయించావా?" అని అడగండి.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.