బొమ్మల కథలకు వయసు లేదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును పిలిచారు కనుక వంతెనల గురించో సిమెంటు గురించో చెబుతాడని అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది మాంత్రికుల గురించి, రాక్షసుల గురించి. యాభై దాటినా నా మంచం పక్కన ఉండేవి చందమామ సీరియల్సే. మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీయండి.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామను మొదలుపెట్టారు. 1954లో ‘తోకచుక్క’తో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ వరస మొదలైంది. కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం... పేర్లు వింటుంటేనే ఇక్కడ కొన్ని ముఖాలు వెలుగుతున్నాయి. మా తరం అక్షరాలు కూడబలుక్కునే నాటికి వీటిలో చాలావరకు ముగిసిపోయాయి. పెద్దవాళ్లు నెలనెలా పేజీలు విడదీసి, దాచి, బైండు చేయించిన పుస్తకాల్లో చదివాం. మొదటి పేజీలూ చివరి పేజీలూ చాలాసార్లు ఉండేవి కావు. అవి మేమే కల్పించుకునేవాళ్లం.

ఇప్పుడు చదివితే ఇంకో రకమైన ఆనందం. కథ కట్టుబడి కనిపిస్తుంది. నెలకు ఉన్నవి కొద్ది పేజీలు. అందులోనే పోయిన నెల చిక్కు విప్పాలి, కథ నడపాలి, కొత్త చిక్కు దగ్గర ఆపాలి. ఖడ్గవర్మ, జీవదత్తు కానీ, శిఖిముఖి, విక్రమకేసరి కానీ, జంటగా నడుస్తారు. ఒకరు ఆపదలో పడితే రెండోవారు ఆదుకుంటారు. మంత్రాలు ఎన్ని ఉన్నా చివరికి గట్టెక్కించేది ధైర్యం, ఉపాయం, స్నేహం. ఇక భాష మంచినీళ్లంత తేట. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారి చలవ అది.

బొమ్మల సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఈ సీరియల్స్‌లో చాలావాటికి చిత్రా గారు బొమ్మలు వేశారు. చదవడం రాని పిల్లవాడు కూడా ఆ బొమ్మలు చూసి సగం కథ చెప్పేసేవాడు. శంకర్ గారి విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి, తెలియని తెలుగు ఇల్లు అరుదు. వపా గారి అట్టల మీది రంగులు సరేసరి. మా వృత్తిలో మొదటి పాఠం ఏమిటంటే, కాగితం మీది గీతలు చూసి ఇంకా కట్టని వంతెనను మనసులో నిలబెట్టుకోవడం. ఆ అలవాటు నాకు కాలేజీలో రాలేదు, రాకాసిలోయలో వచ్చింది.

ఇంత రాసిన సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియల్స్ మీద ఉండేది కాదు. 2010లో ఆయన వెళ్లిపోయారు. ఆయన్ను గౌరవించాలంటే సన్మానాలు అక్కర్లేదు, పిల్లల చేత చదివిస్తే చాలు.

అందుకే ఒక మనవి. మన స్వర్ణోత్సవ నిధితో కంప్యూటర్ గది కడుతున్నాం, సంతోషం. అందులో కొంత కథల పుస్తకాలకు తీయండి. అయితే తాళం వేసిన బీరువా వద్దు. మూడో తరగతి పిల్ల చేతికి అందే ఎత్తులో తెరిచిన అరలు కావాలి. చిరుగుతాయంటారా? చిరిగిందంటే ఎవరో చదివారన్నమాట. మళ్లీ బైండు చేయిద్దాం. మార్కులకు పనికొస్తాయా అంటారా? ఆడుకునే గంటను ఆ ప్రశ్న అడగం కదా, దీన్నీ అడగవద్దు.

చందమామ ఇప్పుడు రావడం లేదు. కానీ ఆ సీరియల్స్ పుస్తకాలుగా వెలువడ్డాయి. మంచి పుస్తకం వంటి ప్రచురణ సంస్థలు చిన్నపిల్లలకు చక్కని బొమ్మల కథలు వేస్తున్నాయి. నా వంతుగా మొదటి అర నేను నింపుతాను. మిగతా అరలు మీవి.

పిల్లలూ, అర్ధరాత్రి దాకా చదివి మర్నాడు బడికి ఆలస్యంగా వస్తే హెడ్మాస్టరు గారికి నా పేరు చెప్పండి.

సెలవు.