ముందు నిలబడదాం, తర్వాత ఎగురుదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వాలీబాల్ గురించి మాట్లాడమన్నారు. నేను కోచ్‌ని కాను, డాక్టర్ని కాను. వంతెనలు కట్టే ఇంజినీర్ని. ఈ స్కూలు జట్టులో రెండేళ్లు ఆడాను. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో మన దేశం కాంస్య పతకం గెలిచినప్పుడు మా బ్యాచ్ పదో తరగతి. జిమ్మీ జార్జ్‌లా ఎగరాలని మాకందరికీ ఉండేది. ఎగిరినవాడు ఎలా దిగాలన్నది మా మాటల్లో వచ్చేదే కాదు. ఇవాళ నేను చెప్పేది ఆ దిగడం గురించే.

తొమ్మిదో తరగతి పిల్లలు చేయగల లెక్క ఒకటి చెబుతాను. 50 కిలోల అమ్మాయి బ్లాకింగ్‌కు 40 సెంటీమీటర్లు ఎగిరిందనుకోండి. నేలను తాకేసరికి ఆమె వేగం సెకనుకు 2.8 మీటర్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. కాళ్లు బిగబట్టి 10 సెంటీమీటర్లలో ఆగిపోతే కాళ్ల మీద పడే సగటు భారం ఆమె బరువుకు 5 రెట్లు, 250 కిలోలు. మోకాళ్లు, తుంటి మెత్తగా వంచి 30 సెంటీమీటర్లలో ఆగితే 120 కిలోల లోపే. అదే అమ్మాయి, అదే ఎత్తు. దిగే తీరు మారితే భారం సగానికి పైగా తగ్గింది.

మరి మోకాళ్లు వంచమని చెబితే సరిపోదా? సరిపోదు. నడుము పట్టు లేనివాళ్లు దిగేటప్పుడు ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంది, మోకాలు లోపలికి వాలుతుంది. మన చిన్నప్పుడు డాబాల మీద టీవీ యాంటెన్నా గొట్టం నిలబెట్టి మూడు వైపులా తీగలు లాగి కట్టేవాళ్లం, గుర్తుందా? ఒక తీగ వదులైతే గొట్టం ఊగేది, బొమ్మ పోయేది. వెన్నెముక ఆ గొట్టం లాంటిది. పొట్ట, పక్కలు, వీపు కింది భాగం, పిరుదుల కండరాలు ఆ తీగలు. ఇంగ్లీషులో ‘కోర్’ అనేది వీటినే. చేయి ఎత్తితే, ఆ చేయి కదలడానికి ముందే పొట్ట లోపలి పొర కండరం బిగుసుకుంటుందని 1990లలో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అంటే స్మాష్ భుజంలో కాదు, నడుములో మొదలవుతుంది.

ఇక నిలకడ సంగతి. మనిషి పడకుండా నిలబడడానికి మూడు చోట్ల నుంచి కబురు అందుతుంది: కళ్లు, లోపలి చెవి, కాళ్ల కండరాలూ కీళ్లూ. వాలీబాల్‌లో కళ్లు ఎప్పుడూ పైన బంతి మీదే. అందుకే పాదం, చీలమండ ఇచ్చే కబురు మీద ఎక్కువ ఆధారపడాలి. ఈ ఆటలో ఎక్కువగా తగిలే దెబ్బ చీలమండ బెణుకు. అదీ నెట్ దగ్గర, ఇంకొకరి పాదం మీద దిగినప్పుడు. నెదర్లాండ్స్‌లో వాలీబాల్ జట్లతో బ్యాలెన్స్ బోర్డు మీద సాధన చేయించి చూశారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. అంతకుముందు ఒకసారి బెణికినవాళ్లకు మళ్లీ బెణకడం తగ్గింది. నడుము వ్యాయామంతో మీరు అడుగు ఎత్తు ఎక్కువ ఎగురుతారని మాత్రం నేను చెప్పను. ఎగిరినవాళ్లు మర్నాడు కూడా ఆటకు రావాలన్నదే నా ఆశ.

దీనికి ఖరీదైన సామాన్లు అక్కర్లేదు. రోజూ ఆటకు ముందు 10 నిమిషాలు చాలు. మోచేతుల మీద ప్లాంక్ 20 సెకన్లు, మూడుసార్లు. అలాగే రెండు పక్కలకూ. తర్వాత చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడిచేయి–ఎడమకాలు, ఎడమచేయి–కుడికాలు చాచి నిలపడం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా ఒంటికాలి మీద నిలబడి బంతి అందించుకోవడం, కాలికి 30 సెకన్లు. కుదిరాక కళ్లు మూసుకుని ఊరికే నిలబడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. చివరికి ఎగిరి రెండు కాళ్ల మీదా చప్పుడు కాకుండా దిగి, 3 సెకన్లు కదలకుండా ఆగడం, పదిసార్లు. నొప్పి వస్తే అక్కడితో ఆపేయాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. స్వర్ణోత్సవ నిధితో వాలీబాల్ కోర్టును సిమెంటు చేయిద్దామన్న ప్రతిపాదన కమిటీ ముందుంది. నా జీవితమంతా సిమెంటుతోనే గడిచింది, దాని మీద నాకు కోపం లేదు. కానీ సిమెంటు నేల ఒక్క మిల్లీమీటరు కూడా ఒదగదు. డైవ్ కొట్టి బంతి తీసే పిల్లల మోచేతులు, మోకాళ్లు ఏమవుతాయో ఆలోచించండి. ఆట నిబంధనలు కూడా నేల దెబ్బలు తగిలించేదిగా ఉండకూడదనే చెబుతున్నాయి. మట్టి కోర్టునే ఉంచుదాం. రాళ్లు ఏరించి, వాన నీరు పోయేలా వాలు పెట్టించి, నీళ్లు చల్లి రోలర్ తిప్పిద్దాం. ఆ వాలు లెవెల్ నేనే దగ్గరుండి చూస్తాను. మిగిలిన డబ్బుతో చాపలు, నాలుగు బ్యాలెన్స్ బోర్డులు, మంచి బంతులు కొందాం.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మోకాలు దెబ్బతిన్న అబ్బాయి కొన్నాళ్లకు కోర్టుకు తిరిగి వస్తాడు. అమ్మాయికి ఆ దెబ్బ తగిలితే ఇంట్లో వాళ్లు ‘ఇక చాల్లేమ్మా, పెళ్లి కావాల్సిన పిల్లవి’ అంటారు. ఆమె ఆట అక్కడితో ఆగిపోతుంది. పైగా మోకాలి లోపలి లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిల కన్నా అమ్మాయిలకే ఎక్కువ. ఈ ఏడు మన స్కూల్లో అమ్మాయిల జట్టు తయారవుతోంది. వాళ్లను ఆ మాట నుంచి కాపాడగలిగేది ఆ 10 నిమిషాలే.

పీఈటీ సారుకు నాదొక విన్నపం. టైమ్‌టేబుల్‌లో ఆ 10 నిమిషాలకు చోటివ్వండి. కమిటీ పెద్దలూ, సంతకం పెట్టే ముందు ఒక్కసారి కోర్టు దాకా నడిచి రండి. పిల్లలు ఎలా దిగుతున్నారో చూసి, అప్పుడు నిర్ణయించండి.