ఒకే పొరకు రెండు వైపులు



ఈ రోజు మనం తాగే నీళ్ల గురించి, వాటి వెనక ఉన్న ఒక శాస్త్రవేత్త గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. చాలా గూడేల్లో, తండాల్లో ఇప్పుడు క్యాన్ పట్టుకుని వెళ్లేది ఆర్వో ప్లాంటుకే. ఆ యంత్రంలో అసలు పని చేసేది ఒక పల్చటి పొర. దాన్నే మెంబ్రేన్ అంటారు. దాన్ని పనికొచ్చేలా చేసినవారు ఇద్దరు. ఒకరు అమెరికాకు చెందిన సిడ్నీ లోబ్, రెండోవారు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్.

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి నీరు ఊరుతుంది కదా. ముక్కలోని నీళ్లు ఉప్పు ఎక్కువున్న వైపుకు వస్తాయి. బడిలో దీన్నే ద్రవాభిసరణ అని చదువుకున్నాం. ఉప్పునీటిని గట్టిగా ఒత్తి, ఆ నీటిని వెనక్కి నడిపించడమే రివర్స్ ఆస్మాసిస్, అంటే ఆర్వో. సముద్రపు నీటికైతే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 27 రెట్లు మించి నెట్టాలి.

లోబ్ 1917లో పుట్టారు. 1941లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకుని, ఏళ్ల తరబడి పరిశ్రమల్లో ఉద్యోగం చేశారు. 40 ఏళ్లు వచ్చే వేళకు మళ్లీ విద్యార్థిగా లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. డాక్టరేటు అందుకునేనాటికి వయసు 47. ఇంటర్ తప్పిందనో, పెళ్లయిందనో 20 ఏళ్లకే చదువు ముగిసిందనుకునేవారిని మేము ఏటా చూస్తున్నాం. వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

సెల్యులోజ్ అసిటేట్ అనే పదార్థం ఉప్పును ఆపుతుందని ఫ్లోరిడా పరిశోధకులు అప్పటికే చూపించారు. కానీ దాని గుండా నీళ్లు చుక్కచుక్కగానే వచ్చేవి. లోబ్, సౌరిరాజన్ బజారులో దొరికే పొరను తెచ్చి, నీటిలో వేడిచేసి పరీక్షించారు. ఒకసారి బాగా పనిచేసింది. మరోసారి అదే పొర పనిచేయలేదు.

ఇక్కడ చాలామంది పొర చెడిపోయిందని పారేస్తారు. వీళ్లు ఎందుకలా అయిందని అడిగారు. తిప్పి చూస్తే విషయం బయటపడింది. పొరకు రెండు వైపులూ ఒకటి కావు. ఒక వైపు ఒక మైక్రాన్ కన్నా పల్చటి గట్టి చర్మం ఉంది. ఉప్పును ఆపేది అదే. దాని కిందిదంతా స్పాంజిలాంటిది. నీటిని సులువుగా పోనిచ్చి చర్మానికి ఆసరాగా నిలుస్తుంది. ఆ తీరునే పట్టుకుని 1960 నాటికి సొంతంగా పొర తయారుచేశారు. నీటి ధార పాతవాటికన్నా సుమారు పది రెట్లు పెరిగింది. 1964లో పేటెంటు వచ్చింది.

1965లో కాలిఫోర్నియాలోని కోలింగా ఊళ్లో లోబ్ బృందం రోజుకు సుమారు 5,000 గ్యాలన్లు, అంటే దాదాపు 19,000 లీటర్లు ఇచ్చే ప్లాంటు పెట్టింది. భూగర్భ జలం ఉప్పగా ఉండి, ఒకప్పుడు రైలులో తాగునీరు తెప్పించుకున్న ఊరది. సౌరిరాజన్ కెనడాలోని జాతీయ పరిశోధనా మండలిలో ఈ పనినే కొనసాగించారు. లోబ్ ఇజ్రాయెల్ వెళ్లి, బీర్‌షెబాలో పాఠాలు చెబుతూ 1970లలో ఇంకో ఆలోచన చేశారు. నది నీరు ఉప్పునీటిలో కలిసే ఒత్తిడితో కరెంటు తీయొచ్చని. ఆ పద్ధతితో నార్వేలోని టోఫ్టేలో 2009లో చిన్న నమూనా కేంద్రం మొదలైంది. చూడటానికి ఆయన లేరు. 2008 డిసెంబరులో కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. నల్గొండలాంటి చోట్ల ఫ్లోరైడు ఎముకలను ఎంత పాడుచేసిందో మనకు తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగకూడదు. ఆర్వో ఫ్లోరైడును చాలావరకు ఆపుతుంది. అయితే లోపలికి పోయిన నీరంతా మంచినీరు కాదు. కొంత భాగం ఉప్పు, ఫ్లోరైడు చిక్కబడి పైపులోంచి బయటికి పోతుంది. ఆ పైపు ఎక్కడికి పోతోంది? చెరువులోకా, బోరు పక్కకా? మెంబ్రేన్ మార్చి ఎన్నాళ్లయింది? టీడీఎస్ మీటరు ఏం చూపిస్తోంది? ఫ్లోరైడు విడిగా పరీక్ష చేయించారా? టీడీఎస్ తగ్గినంత మాత్రాన ఫ్లోరైడు సంగతి తేలదు.

ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు. జవాబులు చెప్పడానికి మాత్రం మనలోంచి కెమిస్ట్రీ చదివినవాళ్లు, ఐటీఐలో ఫిట్టరు నేర్చినవాళ్లు, ఇంజనీర్లు కావాలి. ప్లాంటు ఆగినప్పుడు పట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా తాళం వేసి కూర్చునే పరిస్థితి పోవాలంటే, ఆ గొట్టం విప్పి చూడగల చేయి ఊళ్లోనే ఉండాలి. అది మీలో ఒకరిది కావాలన్నదే మేము కోరేది.

జై ఆదివాసీ.