రెండు పనులకు ఒక పడవ

పర్చూరు మనిషి పడవను గురించి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. మాది నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప, పొగాకు, శనగ మా పంటలు. వాగు పొంగిన దినములలో తప్ప నీటిని చూచి భయపడవలసిన అవసరము మాకు అంతగా లేదు. కాని చీరాల మీదుగా వాడరేవునకు పోయినచో సముద్రము ఎంతో దూరము కాదు. కార్తికమాసమున బండ్లు కట్టుకొని సముద్రస్నానమునకు పోవుట మా పెద్దల నాటి ఆచారము. నేడు బండ్లకు బదులు కార్లును ఆటోలును వచ్చినవి, అంతియే భేదము.

మా ప్రాంతమునకు సముద్రముతో చుట్టరికము క్రొత్తది కాదు. చీరాలకు సమీపముననున్న మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవుపట్టణము. గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244 ప్రాంతమున అచ్చట అభయశాసనము వేయించెను. తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు స్వాధీనము చేసికొనెడివారు. ఇకమీదట అట్లు చేయక, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందుమని ఆయన వర్తకులకు మాట ఇచ్చెను. రాజు సరకునకు అభయమీయగలడు గాని ప్రాణములకు ఈయలేడు. ఆ భారము నాడును నేడును పడవ గలవానిదే.

ఈ మాట నాకు స్ఫురించుటకు కారణము మా బావగారు. మిరప అమ్మిన సొమ్ము చేతనుండగా, రేవులోని ఒక మత్స్యకారునితో పొత్తు కలిసి పడవ కొనవలెనని ఆయనకు కోరిక కలిగినది. పెట్టుబడి ఈయనది, పని ఆయనది. ఆరు దినములు వేట, ఏడవనాడు ఇంటిల్లిపాదికిని విహారము. “ఒకే పడవ రెండు పనులకును వచ్చునుగదా, బావా! ఏది కొనమందువు?” అని నన్ను అడిగెను. నేనెరిగినంత చెప్పితిని. నేనెరుగనిది ఆ మత్స్యకారుడు చెప్పెను. ఆ ముచ్చటయే నేటి నా ప్రసంగము.

పడవ ఎంత అందముగా ఉన్నది, ఇంజను ఎన్ని గుఱ్ఱముల బలము గలది అని మనము మొదట అడుగుదుము. ఆయన మొదట అడిగిన ప్రశ్న వేరు: “పడవను రాత్రి ఎక్కడ ఉంచుదురు?” నిజాంపట్నమువలె పాయలోపల హార్బరు గల చోట పడవ నీటిలోనే నిలుచును, అది కొంత బరువుగా ఉన్నను ఇబ్బంది లేదు. ఇసుక ఒడ్డుననే దిగవలసిన చోట అట్లు కాదు. పడవ విరుగు అలలను దాటి పోవలెను, దాటి రావలెను. పిమ్మట పదిమంది చేతులతో ఇసుకమీదికి లాగబడవలెను. ప్రమాదము లోసముద్రమున కంటె ఈ కొద్ది గజముల దూరముననే ఎక్కువ.

మన తీరమున పూర్వము తెప్పయు నావయు వాడుకలో ఉండెడివి. నాలుగైదు తేలిక దుంగలను త్రాళ్ళతో బిగించినదే తెప్ప. అల దానిమీదుగా పోవును గాని దానిని ముంచలేదు. వేటగానికి అది ఉత్తమమైన సాధనమే. అయినను దానిపై కూర్చున్నవాడు తడువక తప్పదు. చంటిబిడ్డ తల్లికి అది చోటు కాదు. కొయ్య పడవకు చోటు కలదు, ఏటేట మరమ్మతును కలదు. 1979లో మద్రాసు కేంద్రముగా ప్రారంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమమువారు, అలలను దాటి ఒడ్డున దిగగల ఇంజను పడవలను తయారుచేసి చూపిరి. ఒడ్డు చేరునప్పుడు పంకాను పైకి ఎత్తుకొను ఏర్పాటు వానిలో ముఖ్యమైనది. నేడు మన రేవులలో ఫైబరు పడవలే ఎక్కువ. అవి తేలిక; కుళ్ళవు, చెదలు పట్టవు. కాని ఇసుకలో ఈడ్చి ఈడ్చి అడుగు అరుగును. పగులు కంటికి కనబడకముందే నీరు లోపలి పొరలకు ఎక్కును. కనుక కొనునప్పుడు అడుగు మందమును చూడవలెను. నీరు నిండినను తేలునట్లు, గాలి చొరని అరలలో నురుగు పదార్థము నింపినారో లేదో అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని అమ్మకందారునివద్ద కొనకుండుట మేలు.

ఇక వెడల్పు మాట. సన్నని పడవ వేగముగా పోవును, నూనె తక్కువ త్రాగును. వెడల్పయినది నిదానము, కాని ఒరగదు. వల లాగువారు నలుగురును ఒకే ప్రక్కకు చేరుదురు. విహారమునకు వచ్చినవారును అంతే. ఒక పెద్ద చేప ఎగిరిన అందరును ఆ వైపునకే లేచి వంగుదురు. కావున ఈ విషయమున రెండు పనులకును కావలసినది ఒకటియే. దీనికి చిన్న పరీక్ష కలదు. కదలని నీటిలో, ఒడ్డు చెంత, ఎందరిని ఎక్కింపదలచితిమో అందరు పెద్దవారిని, ఈత వచ్చినవారిని, ఎక్కించి ఒకే ప్రక్క కూర్చుండబెట్టవలెను. అప్పుడు ఆ ప్రక్క అంచు నీటికి ఎంత పైన నిలిచినదో చూడవలెను. అంచు నీటిని ముద్దాడునట్లున్నచో పడవ చెడ్డదని కాదు. మన లెక్క చెడ్డదని అర్థము. మనుష్యులను తగ్గించుకొనవలెను.

ఈ లెక్క తప్పిన ఫలితమును మా జిల్లాలవారు ఎరుగుదురు. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారమున, ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణానదిలో విహారపు పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో ఎక్కువమంది ఒంగోలునుండి సరదాగా బయలుదేరి వచ్చినవారు. అది సముద్రము కాదు, తుపాను లేదు. ఆ పడవకు అనుమతియు లేదు. వేటకు పొందిన లైసెన్సు కూలికి మనుష్యులను ఎక్కించుటకు చెల్లదని పడవ గల ప్రతివాడును గుర్తుంచుకొనవలెను. సొంతవారిని ఎక్కించుటకైనను మత్స్యశాఖవారిని ముందుగా విచారించుట మంచిది.

కాలమును గురించి రెండు మాటలు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమున ఇంజను పడవలకు వేట నిషేధము. పిల్లలకు సెలవులును అప్పుడే. పడవ ఖాళీగా ఉన్నదికదా అని చుట్టములందరిని ఎక్కించు ప్రలోభము కలుగును. ఆ దినములు మరమ్మతునకు వినియోగించుట ఉత్తమము. ఇక అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలము. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనను పెద్దలు మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. ఆకాశము నిర్మలముగా ఉన్నను, వాతావరణ సూచన వినక పడవను నీటిలోనికి నెట్టరాదు.

ఇన్నియు విని మా బావగారు, “అయితే వేటకు ఒకటి, విహారమునకు ఒకటి, రెండు పడవలు కొనవలెనా?” అని విసుగుకొనెను. అందుకు ఆ మత్స్యకారుడు చెప్పిన మాట నేను మరువలేను: “అక్కరలేదండి. వల తడిసినా ఏడవదు. పాప కూర్చునే చోటు చూసి పడవ కొనండి. పాపకు సరిపోయింది వలకూ సరిపోతుంది. వలకు సరిపోయింది పాపకు సరిపోదు.”

నా ప్రసంగ సారమంతయు ఈ మాటలోనే ఉన్నది. వేటను బట్టి కొన్న పడవలో కుటుంబమును సర్దరాదు. కుటుంబమును బట్టి కొన్న పడవతో వేట సాగించుకొనవచ్చును. రాబడి కొంత తగ్గునేమో, నూనె ఖర్చు కొంత పెరుగునేమో. అది భరింపదగిన నష్టము.

చివరకు వారు వెడల్పయిన ఫైబరు పడవను కొనిరి. విహారము అలలు దాటి కాదు, గాలి లేని ఉదయమున, పాయనీటిలోనే అని నిశ్చయించుకొనిరి. ఆ దినమున వలలను, త్రాళ్ళను ముందు ఒడ్డున దింపుదురు. కాళ్ళకు చుట్టుకొను త్రాడు నీటికంటె ప్రమాదకరము. అందరును ఎక్కి కూర్చుండువరకు ఇంజను కదలింపరు.

లైఫు జాకెట్లు తెచ్చిన దినమున అందరును తొడిగి చూచి సంతోషించుచుండగా, మా అక్క మనుమరాలికి ఒకటి తొడిగి, భుజములవద్ద పట్టి పైకి ఎత్తెను. జాకెట్టు చేతికి వచ్చినది, పిల్ల క్రిందనే నిలిచినది. “నీళ్లలోనూ ఇంతేగా?” అని ఆమె అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. మరునాడు మా బావగారు పిల్ల బరువు తూచుకొని మరల బజారునకు పోయెను. పడవ నీటిలో దిగినది ఆ తరువాతనే.