రోజుకో గోలీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను ఇంజినీరింగ్ రంగంలో వచ్చిన మార్పుల మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి మరోసారి. ఆ మధ్య యాదగిరిగుట్ట ట్రిప్పులో భోజనం కాగానే నేనొక మాత్ర వేసుకుంటుంటే మనవాడొకడు "ఏం గోలీరా అది?" అనడిగాడు. "బీపీది" అన్నాను. 2012 నుంచి అందరికీ అదే చెబుతున్నాను. అది బ్లడ్ క్యాన్సర్ మాత్ర.

ఆ ఏడాది వేసవిలో నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఎడమ డొక్కలో బరువు, మెట్లెక్కితే ఆయాసం. గ్యాస్ అనుకొని రెండు నెలలు గడిపాను. చివరికి ఎల్బీ నగర్‌లో రక్తపరీక్షకు వెళ్తే, ల్యాబ్ అబ్బాయి ఫోన్ చేసి "సార్, మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వాలి, మిషన్లో ఏదో తేడా" అన్నాడు. మిషన్లో తేడా లేదు. 4,000 నుంచి 11,000 దాకా ఉండాల్సిన తెల్లకణాలు 1,80,000 ఉన్నాయి. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షించాక పేరు చెప్పారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, పొట్టిగా సీఎంఎల్.

మన తరానికి క్యాన్సర్ అంటే సినిమా. 1981లో 'ప్రేమాభిషేకం' చూసి మన వీధుల్లో ఏడవని ఇల్లు లేదు. నాకు మాత్రం సినిమా కంటే ముందు ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు గుర్తొచ్చాడు. మా బ్యాచ్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. సంక్రాంతికి ముందే పోయాడు. బ్లడ్ క్యాన్సర్ అన్నారు. రిపోర్టు పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో కూర్చున్న ఆ సాయంత్రం, నాకూ మూడు నెలలే అని లెక్క వేసుకున్నాను.

ఆ లెక్క తప్పు. రక్తపు క్యాన్సర్లు చాలా రకాలు. నా జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి మారిపోతాయి. ఫిలడెల్ఫియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లో ఆ పొట్టి క్రోమోజోమును చూశారు. ముక్కలు మారాయని 1973లో కనిపెట్టింది షికాగోలో జానెట్ రౌలీ. ఆ అతుకు దగ్గర పుట్టే ఎంజైమ్ ఆఫ్ కాని స్విచ్ లాంటిది. కణాలను పెరగమని చెబుతూనే ఉంటుంది. ఇమాటినిబ్ అనే మందు ఆ స్విచ్‌లోనే దూరి కూర్చుంటుంది. అమెరికాలో దానికి 2001లో అనుమతి వచ్చింది. మొదటి పెద్ద పరీక్షలో ఆ మందుతో మొదలుపెట్టినవాళ్ళలో పదేళ్ళ తర్వాత నూటికి 83 మంది బతికే ఉన్నారు. రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్ళతో. అంతే నా వైద్యం.

అంతే అంటున్నాను గానీ, ధర సంగతి చెప్పాలి. స్విస్ కంపెనీ నోవార్టిస్ మాత్రలు అప్పట్లో నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండేవి. మన హైదరాబాదు కంపెనీ నాట్కో 2003లోనే 'వీనాట్' పేరుతో అదే మందు తెచ్చింది. మనదేశపు మాత్రలు అప్పట్లో నెలకు పది వేలకు అటూ ఇటూ. నోవార్టిస్ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు కుదరదంది. ఆ రోజు టీవీ ముందు నేను క్రికెట్ ఫైనల్ చూసినట్టు కూర్చున్నాను. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. తీర్పు అటైతే అమ్మాల్సింది హస్తినాపురం ప్లాటే.

ఇక్కడ మా లెక్కల మాస్టారికి ఒక క్షమాపణ. లాగరిథమ్ పట్టికలు జీవితంలో ఎందుకు పనికొస్తాయని వెనక బెంచీలోంచి అడిగింది నేనే. సార్, ఇప్పుడు నా బతుకు లాగ్‌లలోనే ఉంది. నా రక్తంలో ఆ చెడ్డ జన్యువు ఎంత మిగిలిందో మూడు నెలలకోసారి పీసీఆర్ పరీక్షతో కొలుస్తారు. 0.1 శాతానికి దిగితే మూడు లాగ్‌ల తగ్గుదల. నాకు పద్దెనిమిది నెలలు పట్టింది. గ్రాఫు గీసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను. బయటివైపు అంటించే ధైర్యం లేదు. ఇంట్లో పెళ్ళికెదిగే పిల్ల ఉంది. "వాళ్ళ నాన్నకు బ్లడ్ క్యాన్సరట" అనే మాట ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. ఈ జబ్బు వంశపారంపర్యం కాదని ఎంతమందికి విప్పి చెప్పగలను? పొద్దున్నే కళ్ళ కింద వాపు, రాత్రి పిక్కలు పట్టేయడం, అన్నిటినీ బీపీ మీదకే తోశాను.

చాలా ఏళ్ళు అడుగున నిలబడితే డాక్టర్లు మాత్ర ఆపి చూస్తారు. ఆపినవాళ్ళలో సుమారు సగం మందికి జబ్బు మళ్ళీ తలెత్తుతుంది. నేను 2021లో ఆపాను. నెలనెలా ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి పంజాగుట్ట వెళ్ళి రక్తం ఇచ్చొచ్చేవాణ్ణి. అయిదు నెలలు బాగుంది. ఆరో నెల 0.2. మళ్ళీ మాత్ర మొదలుపెట్టారు, అంకె దిగిపోయింది, ప్రమాదమేమీ జరగలేదు. అయినా సప్లిమెంటరీ రాసినవాడిలా నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

పోయిన ఏడాది అమ్మాయి పెళ్ళయింది. శుభలేఖ ఇవ్వడానికి కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్ వెనక వీధిలో ఉన్న నా పక్క బెంచీవాడి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. అన్నేళ్ళూ ఆమె ముందుకు వెళ్ళడానికి జంకాను. ఎందుకో ఆమెకు నిజం చెప్పాను. నా ఇంటివాళ్ళు కాక మొదట విన్నది ఆమే. మాత్రల అట్ట చూపించమంది. చేతిలో తిప్పి తిప్పి చూసి, "గప్పుడు గీ గోలీ లేకుండెనా బిడ్డా?" అంది.

"లేదమ్మా. మావాడి జబ్బు వేరు, దానికిది పనిచేసేది కాదు" అన్నాను. అది నిజమే. పూర్తి నిజం కాదు. వాడిది పిల్లలకు వచ్చే అక్యూట్ రకం. దానికి మందు కనిపెట్టిన దారిలో మొదట నడిచినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సోదరులు స్ప్రూ వ్యాధితో పోతే దానికి మందు వెతుక్కుంటూ పోయి, అమెరికాలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్ తయారుచేశాడు. తర్వాత దానికి విరుగుడు అమినోప్టెరిన్ చేయించాడు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిస్తే జబ్బు మొదటిసారి వెనక్కి తగ్గింది, కొన్ని నెలలకే అయినా. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. అంటే మనం ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మందులున్నాయి. రెండేళ్ళకు పైగా సాగే ఆ వైద్యంలో, రక్తకణాలు అడుగంటిన రోజులను దాటించే ఏర్పాట్లే తక్కువ. ఈ మాట ఆ తల్లికి చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

అందుకే ఈ పూట మిమ్మల్నొకటి అడగడానికి వచ్చాను. ఇప్పుడు ఆ పిల్లల్లో చాలామంది బాగవుతున్నారు. కానీ వాళ్ళకు ప్లేట్‌లెట్లు కావాలి. అవి అయిదు రోజులకు మించి నిలవుండవు. ముందే తెచ్చి దాచలేం. పిలిస్తే గంటలో రాగల మనుషులు కావాలి. భోజనాల హాలు గుమ్మం దగ్గర నీలం అట్ట రిజిస్టరు పెట్టాను. పేరు, బ్లడ్ గ్రూపు, ఫోను, ఏ పేటలో ఉంటారో రాయండి. వయసు దాటినవాళ్ళు పిల్లల పేర్లు రాయించండి. నా పేరు అందులో ఉండదు, నా రక్తం ఎవరూ తీసుకోరు. ఫోన్లు చేసే పని నాది. రాత్రి రెండింటికి చేసినా తిట్టకండి.