ఆంధ్ర మహావిష్ణువు ఉత్తర్వు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చేసినవాణ్ణి, హోదాల సంగతి నాకు బాగా తెలుసు. గుళ్ళకూ హోదాలున్నాయి. జపాను ప్రభుత్వం 1871లో షింటో ఆలయాలకు శ్రేణులు నిర్ణయించి, చక్రవర్తి వంశానికి మూలదేవత అయిన అమతెరాసు కొలువున్న ఇసే ఆలయాన్ని అన్నింటికీ పైన ఉంచింది. 1946లో ఆ శ్రేణులు రద్దయ్యాయి. మన 1987 దేవాదాయ చట్టమూ ఆలయాలను వార్షికాదాయాన్ని బట్టి వర్గాలు చేసింది.

మన బంటుమిల్లి నుంచి బందరు మీదుగా వెళ్తే ఘంటసాల మండలంలో శ్రీకాకుళం వస్తుంది. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు కథ వేరు. కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు ఆ సన్నిధిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. తెల్లవారుజామున స్వామి కలలో కనిపించి, గోదాదేవి కల్యాణాన్ని తెలుగులో రాయమన్నాడు. అంకితం మాత్రం తిరుమల వేంకటేశ్వరునికి ఇవ్వమన్నాడు. ఈ సంగతి రాయలే 'ఆముక్తమాల్యద' మొదట్లో చెప్పుకున్నాడు. రాజులు గుడికి హోదా ఇవ్వడం లోకరీతి. ఇక్కడ దేవుడే రాజుకు పని పురమాయించాడు.

ఆమధ్య మా మనుమణ్ణి ఆ గుడికి తీసుకెళ్ళాను. బోర్డు మీద స్వామి పేరు చదవలేక నా మొహం చూశాడు. వాణ్ణేమనను? ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనే గదా!

అప్పటినుంచి రోజూ సాయంత్రం పలక ముందేసుకుని కూర్చుంటున్నాం. మొన్న వాళ్ళ నాయనమ్మ పేరు తప్పులేకుండా రాశాడు. ఆవిడ ఆ పలక చెరపనివ్వలేదు.

స్వామి ఉత్తర్వు మనకూ వర్తిస్తుందని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.