రాజ్యాలు మారాయి, గూడెం మాట ఎవరు విన్నారు?



రాచరికమా, ప్రజాస్వామ్యమా, సోషలిజమా? ఏ పాలన వస్తే సమానత్వం, శాంతి వస్తాయి? కాలేజీల్లో మీరు ఈ చర్చ వినే ఉంటారు. ఆదివాసులమైన మనకు ఇది ఒట్టి పరీక్ష ప్రశ్న కాదు. ఆదిలాబాద్ అడవుల్లో మన తాతముత్తాతలు రకరకాల పాలనలను చూశారు.

చాందా కోట నుంచి గోండు రాజులు ఏలిన కాలం మనకు గర్వకారణం. తర్వాత నిజాం పాలనలో అడవిని రిజర్వు చేశారు. పోడు కొడితే కేసు, పశువులు మేపితే పన్ను. పట్టా కాగితం అంటే తెలియని మనవాళ్ల భూములు బయటి నుంచి వచ్చినవాళ్ల పేర్ల మీదికి పోయాయి. జల్, జంగల్, జమీన్ కోసం లేచిన కుమురం భీం 1940లో జోడేఘాట్ గుట్టల్లో ప్రాణాలిచ్చాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపి మన కష్టాలు తెలుసుకుంది. మార్లవాయిలో గోండి చదువుకు టీచర్ల శిక్షణ, కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు అలా వచ్చినవే. రాజు కూడా వినగలడు. కానీ రక్తం పారాక విన్నాడు. పైగా అది ఆయన దయ, మన హక్కు కాదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. ఐదో షెడ్యూలు, ఆ తర్వాత మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చాయి. ఓటు హక్కు, చట్టం రెండూ ఉన్న ఆ రోజుల్లోనే, 1981 ఏప్రిల్ 20న, భూమి సమస్యలు చెప్పుకుందామని ఇంద్రవెల్లికి వచ్చిన మనవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు 13 మంది. మన పెద్దల లెక్క అంతకంటే చాలా ఎక్కువ.

సోషలిజం సంగతి చూద్దాం. సోవియట్ యూనియన్ సైబీరియాలో రెయిన్‌డీర్లను కాసుకునే తెగలకు బడి, ఆసుపత్రి ఇచ్చింది. అదే చేత్తో వాళ్ల మందలను సామూహిక క్షేత్రాల్లో కలిపింది, పిల్లలను హాస్టళ్లకు తరలించింది. వాళ్ల భాషలు బలహీనపడ్డాయి. సమానత్వం ఇచ్చారు గానీ, కొలత మాత్రం ఇచ్చినవాళ్లదే.

అందుకే పాలన పేరు చూసి మోసపోవద్దని మా మాట. మన ఊరి గురించి నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? "వద్దు" అంటే ఆ మాటకు విలువ ఉందా? ఇదే అసలు పరీక్ష.

ఒడిశాలోని నియమగిరిని చూడండి. బాక్సైట్ తవ్వకాల విషయంలో గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోందుల కొండ నిలబడింది. అదే రాజ్యాంగం, అదే ప్రజాస్వామ్యం. తేడా ఏమిటంటే, ఈసారి నిర్ణయం గూడెంలో జరిగింది.

ఆ దారి మనకూ ఉంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చాయి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభకు కనీసం సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. దంపతులకు ఇచ్చే హక్కుపత్రం ఇద్దరి పేరుమీదా ఉండాలి. కానీ ఎన్ని ఊళ్లలో రిజిస్టరు ఇంటింటికీ తిరిగి సంతకాలతో నిండుతోంది? సభ జరగకుండానే జరిగినట్టు రాస్తే, ఆ సంతకం మన భూమి మీద పడ్డట్టే.

ఇంకో మాట మనలో మనం అనుకోవాలి. మన రాయ్ సెంటర్లు కోర్టు మెట్లెక్కకుండా ఎన్నో తగవులు తీర్చాయి. అది మన శాంతి సంపద. మరి తీర్పు చెప్పే చోట ఎంతమంది ఆడవాళ్లు కూర్చుంటున్నారు? కొలాం, తోటి కుటుంబాల మాటకు మన మాటతో సమానమైన బరువు ఉందా? బయట అడిగే సమానత్వం మన వాకిట్లో కూడా కనబడాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకున్నది మీరు. వచ్చే గ్రామసభకు వెళ్లండి. తీర్మానాన్ని చదివి, గోండిలో, కొలామీలో అవ్వతాతలకు చెప్పండి. వాళ్లకు అర్థమయ్యాకే వేలిముద్ర పడనివ్వండి. ఏ వ్యవస్థా సమానత్వాన్ని మూటగట్టి మన గూడేనికి తెచ్చివ్వదు. ఉన్న వ్యవస్థలో మన మాట చెల్లేలా చూసుకోవాల్సింది మనమే.

జై సేవా.